మురిగిలి దీవికి పోవద్దు

"దొంగతనం చేసినోళ్ల మొహం గిట్ల ఉంటదా? నువ్వే చూసి చెప్పక్కా," అంటూ సుష్మిత ముఖం ముందుకు వంచింది.

జమ్ములమ్మ మొహమాటం లేకుండా చూసింది. రెండు రోజులుగా ఏడ్చి ఉబ్బిన కళ్లు, దువ్వని జుట్టు, కొరికి కొరికి ఎర్రబడ్డ కింది పెదవి.

"బిడ్డా, నేను పోలీసుల్ల హెడ్ కానిస్టేబుల్‌గ చేసి బయటికొచ్చిన మనిషిని. మొహం చూసి దొంగల్ని పట్టే విద్దె నాకుంటే ఎప్పుడో ఎస్సైని అయితుంటి. మొహం సంగతి పక్కకు పెట్టు. ఆదివారం ఏం జరిగిందో చెప్పు."

గద్వాలలో రామస్వామి ఇంట ఆ రోజు మగ్గం ఆడటం లేదు. కూతురి మీద దొంగ అన్న మాట పడ్డాక ఆయన మగ్గం గుంటలోంచి కాళ్లు పైకి తీసి గోడకానుకుని కూర్చున్నాడు. తల్లి పెంటమ్మ, వచ్చిన మనిషికి చాయ్ ఇవ్వాలో వద్దో తేల్చుకోలేక గిన్నె పట్టుకుని నిలబడింది. "చక్కెర తక్కువ వెయ్యక్కా," అని జమ్ములమ్మే ఆ చిక్కు విప్పేసింది. చాయ్ ఇచ్చిన మనిషి ముందు అబద్ధం చెప్పడం ఎవరికైనా కొంచెం కష్టమని ఆమెకో నమ్మకం. వనపర్తిలో జిరాక్స్ షాపు మీది గదికి డిటెక్టివ్ బోర్డు తగిలించిన నాటి నుంచి ఆ నమ్మకం ఆమెను పెద్దగా మోసం చేయలేదు.

కేసు చిన్నదే. గడువే పీకల మీదికొచ్చి కూర్చుంది. సుష్మితకు కాలేజీలో జతకట్టిన స్నేహితురాలు హెప్సిబా. అయిజ పిల్ల. సముద్రపు అలల మీద బోర్డేసుకుని నిలబడే ఆట ఉంది చూడండి, సర్ఫింగ్, కర్ణాటక తీరంలో దాన్ని నేర్పే పనిలో ఉంది. మాల్దీవుల కొసన మురిగిలి అనే దీవి ఒకటుందట, మ్యాపు మీద ఈగ వాలితే కప్పబడిపోయేంత. అక్కడి సర్ఫింగ్ క్యాంపు ఓనర్ టికెట్టు తానే పెట్టుకుని రమ్మని పిలిచాడు. విమానం రేపు తెల్లవారుజామున శంషాబాద్ నుంచి. సోమవారం రాత్రి చూసుకుంటే పాస్‌పోర్టు లేదు, దాని చోట అంతే సైజు అట్టముక్క ఉంది. మంగళవారం పొద్దున్నే క్యాంపు వాళ్ల తరఫున రాజ్‌కుమార్ అనే హైదరాబాద్ డిటెక్టివ్ దిగి, దొంగ సుష్మితేనని తేల్చేశాడు. బుధవారం సాయంత్రంలోగా పాస్‌పోర్టు ఇవ్వకపోతే స్టేషన్లో ఫిర్యాదు ఇస్తానన్నాడు. ఆ బుధవారం ఇవ్వాళే.

నిన్న సాయంత్రం హెప్సిబా తల్లి రూతమ్మ వనపర్తి వచ్చి, జమ్ములమ్మ మెట్లెక్కి, ఆయాసం తీర్చుకోకుండానే చెప్పింది: "నా బిడ్డ పోవాలె. ఆ పిల్ల జైలుకు పోవద్దు. నాకు రెండూ కావాలె అక్కా."

"ఆదివారం చర్చి అయినంక హెప్సి వచ్చింది," అని సుష్మిత మొదలుపెట్టింది. "బోర్డు తెచ్చింది. విమానంల ఏస్తే దెబ్బ తాకుతదని దానికి సంచి కుట్టియ్యమన్నది. మందం గుడ్డ, లోపల దూది పెట్టి కుట్టిన. రాత్రి మా ఇంట్లనే పండుకుంది. సోమవారం పొద్దున బస్సెక్కింది."

"పాస్‌పోర్టు యాడ ఉండె?"

"నడుముకు కట్టుకునే పర్సుల. దాన్ని గా మగ్గం గుంజకు తగిలిచ్చింది."

"నువ్వు కూడా పోవాల్నంటివట కద ఆ దీవికి?"

సుష్మిత తండ్రి వైపు చూసి తల దించుకుంది. "అన్న. మా నాయిన వద్దన్నడు. హెప్సి మీద కుళ్లుకున్న, అబద్ధమెందుకు? నెల రోజులు కుళ్లుకున్న. కని ఆ ప్రయాణం మొత్తం నేనే ప్లాన్ చేసినక్కా. దానికి అలల మీద నిలబడుడు వస్తది గని, ఒక్క కాగితం సక్కగ పెట్టుకోరాదు. ఏ నెల్ల అలలు మంచిగొస్తయి, ఏ గాలికి పాడైతయి, అన్నీ నేనే చూసిన. ఆ దీవి చుట్టూ నీళ్ల కింద పగడపు రాయి ఉంటదట, కత్తి లెక్క. నీళ్లు తగ్గినప్పుడు దిగితే ఒళ్లు చీరుకపోతది. పోటు మీదున్నప్పుడే దిగాలె. నాకు ఈత రాదు. బాయిల కూడా ఎన్నడు దిగలే. కని మురిగిలిల ఏ పూట పోటు వస్తదో నేను నిద్రల లేపి అడిగినా చెప్త."

ఆ మాట చెప్పేటప్పుడు ఆ ఉబ్బిన కళ్లలో వెలుగొచ్చింది. వెళ్లని ఊరి గురించి ఇంత ఆశగా మాట్లాడే మనిషిని జమ్ములమ్మ చూడలేదు. పాపం అనిపించింది, గట్టిగా.

"దిగినంక యాడుంటరు, ఎట్ల పోతరు, అది కూడా నువ్వే చూసినవా?"

"ఆఁ. పెద్ద దీవి దాక విమానం, అక్కడికెల్లి పడవ. పడవలు ఆగే పాత జెట్టీ ఉండె గని, ఈ నెల్ల దాన్ని కూలగొడుతున్నరట. అందుకే పడవ అవతలి దిక్కు ఆగుతది, ఇసుకల నడవాలె. బోర్డు బరువైతదని సంచికి భుజాన ఏసుకునే పట్టీ కుట్టిన."

జమ్ములమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టి, సంచిలోంచి హెప్సిబా పర్సు తీసింది. నిన్న రూతమ్మ అట్టముక్కతో సహా ఇచ్చి వెళ్లిన పర్సే. తీసింది గానీ దాని మీద చెయ్యి కప్పి ఉంచింది.

"ఈ పర్సు నువ్వేమన్న ముట్టినవా?"

"ముట్టిన. జిప్పు పోయింది దానికి. పాస్‌పోర్టు పడిపోతదని మూతికి నాలుగు కుట్లు ఏసిన. హెప్సి పక్కనే కూసుంది. పాస్‌పోర్టు లోపల పెట్టింది కూడా అదే."

"ఏ దారంతోటి?"

"మా ఇంట్ల ఏముంటది? అంచులకు వాడే పట్టు. ఎర్రది."

జమ్ములమ్మ చెయ్యి తీసింది. పర్సు అంచున బ్లేడుతో కోసిన కుట్ల ముక్కలు ఇంకా వేలాడుతున్నాయి. తెల్లటి, మందపాటి నూలు దారం. గింజల సంచుల మూతి కుట్టేది. కుట్టు పడిన బొక్కలు పప్పుగింజ దూరేంత ఉన్నాయి. మామూలు సూది పని కాదది, దబ్బనం పని.

సుష్మిత ఆ దారాన్ని వేళ్లతో పట్టి చూసింది. రామస్వామి గోడ దగ్గర నుంచి లేచొచ్చి పర్సు మీదికి వంగాడు. చూసి, కూతురి తల మీద చెయ్యి వేశాడు. ఆ పిల్లకు అప్పుడు వచ్చింది అసలు ఏడుపు.

"ఎవరో ఎర్ర పట్టు విప్పి, పాస్‌పోర్టు తీసి, అట్ట పెట్టి, తెల్లదారంతో మళ్లీ కుట్టిన్రు. హెప్సిబా విప్పేటప్పుడు చూసుకోలేదా?"

"ఆ రాత్రి అయిజల కరెంటు లేకుండె. ఫోన్ లైటు పెట్టుకుని కోసిన అని చెప్పింది."

"ఇంకేం. చాయ్ బాగుందక్కా," అని పెంటమ్మకు గ్లాసిచ్చి, జమ్ములమ్మ స్కూటర్ తాళం చేతిలోకి తీసుకుంది.

* * *

అయిజలో రూతమ్మ ఇంటికి చేరేసరికి ఎండ నడినెత్తి దాటింది. రేకుల ఇల్లు, రెండు గదులు. ముందు గదిలో ఉన్న ఒక్క ప్లాస్టిక్ కుర్చీనీ రాజ్‌కుమార్ ఆక్రమించి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా, మెరిసే బూట్లు. బూట్లు గుమ్మం బయట విడవాలని కూడా తోచలేదు మహానుభావుడికి. పుట్టింది గద్వాల మగ్గాల వీధిలోనే గానీ, హైదరాబాద్ వెళ్లాక మాటకు కూడా ఇస్త్రీ చేయించుకున్నాడు.

హెప్సిబా గోడకు నిలబెట్టిన బోర్డు పక్కనే కింద కూర్చుని ఉంది. ఎండకు నల్లబడ్డ ముఖం, తాడులా పేనుకున్న చేతులు. తండ్రి మాసయ్య వెనక గది గడప మీద గొంతుక్కూర్చుని నేల వైపు చూస్తున్నాడు.

"రండి జమ్ములమ్మ గారూ," అన్నాడు రాజ్‌కుమార్. "గద్వాల వెళ్లొచ్చినట్టున్నారు. ఒప్పుకుందా?"

"ఒప్పుకుంది తమ్మీ. స్నేహితురాలి మీద కుళ్లుకున్న అని ఒప్పుకుంది. నువ్వెన్నడన్న ఒప్పుకున్నవా గట్లాంటి మాట?"

"జోకులు తర్వాత. నా కేసు స్పష్టంగా ఉంది. ఆ అమ్మాయికి కారణం ఉంది, తను వెళ్లలేకపోయింది. అవకాశం ఉంది, రాత్రంతా పర్సు ఆమె ఇంట్లోనే. పాస్‌పోర్టు బదులు పెట్టింది అట్టముక్క. డిజైన్ల అట్టలు గుట్టలుగా ఉండేది మగ్గాల ఇళ్లలోనే."

"ఆ అట్ట నువ్వు చేతిల పట్టుకున్నవా?"

"చూశాను."

"మగ్గం అట్టకు వరుసగ బొక్కలుంటయి. నువ్వు వాటి మధ్యల పుట్టినోడివి. దీనికున్నయా బొక్కలు?" జమ్ములమ్మ అట్టముక్క తీసి అతని ఒళ్లో వేసింది. "తిప్పి చూడు. పత్తి విత్తనాల డబ్బా. చింపినకాడ పత్తికాయ బొమ్మ సగం ఉంది. రామస్వామి పత్తి చేను ఎప్పుడు పట్టిండో జర కనుక్కో."

రాజ్‌కుమార్ చెవులు ఎర్రబడ్డాయి. అయినా తగ్గలేదు. "అయితే ఈ ఇంట్లో తీశారంటారా? ఎవరు? బయటి మనిషి ఎవరూ ఈ గడప తొక్కలేదు. ఆ విషయం నేను ఖచ్చితంగా చెప్పగలను. శనివారం నుంచి ఈ ఇంటి మీద నా కన్ను ఉంది. ఎదురుగా ఉన్న కిరాణా కొట్టు వాడిని అడగండి."

జమ్ములమ్మ గుమ్మంలోనే ఆగి, తీరిగ్గా చెప్పులు విడిచింది. లోపలికొచ్చి అతని ఎదురుగా నేల మీద కూర్చుంది.

"ఏ శనివారం తమ్మీ?"

"మొన్నటి శనివారం. పెబ్బేరు సంత రోజు. రోడ్డంతా ఎడ్లే, గంట ఆలస్యమైంది."

"పాస్‌పోర్టు పోయింది సోమవారం."

 హెప్సిబా తలెత్తింది. రాజ్‌కుమార్ బూటు కాళ్లు కుర్చీ కిందికి లాక్కున్నాడు.

"పోయిన వస్తువును వెతకనీకి మనిషిని పెడతరు. పోకముందే పెట్టినోళ్లను నా సర్వీసుల చూడలే," అంది జమ్ములమ్మ. "శనివారం నాడు నువ్వు ఏం వెతకనీకి వచ్చినవు?"

"క్లయింట్ విషయాలు నేను బయటికి చెప్పను. అది మన వృత్తి ధర్మం."

"చెప్పకు. ధర్మాన్ని గట్లనే పట్టుకుని కూసో. నాకు వేరే పనుంది." ఆమె లేచి వంటమూల వైపు నడిచింది. "రూతమ్మా, ఏం వండినవు ఇయ్యాల?"

రూతమ్మ బిత్తరపోయింది. "అన్నం అక్కా. పిల్ల వచ్చినకాడికెల్లి అన్నమే. అది రొట్టె తినదు."

"జొన్నలు లేవా?"

"అయ్యో, ఎందుకు లేవు? గవే రెండు సంచులు. ఒకటి నిండుది, ఒకటి సగం తిన్నది."

రెండు సంచులూ మూలన గోడకానుకుని ఉన్నాయి. రెండింటికీ మూతి కుట్టి ఉంది. నిండు సంచి దారం మాసి మట్టిరంగులో ఉంది. సగం సంచి దారం మాత్రం పాలలా తెల్లగా ఉంది. జమ్ములమ్మ దాని ముందు మోకాళ్ల మీద కూర్చుంది.

"సగం తిన్న సంచికి ఎవలన్న మూతి కుడతరా రూతమ్మా?"

 రూతమ్మ సంచి వైపు చూసింది, ఆ తర్వాత మెల్లగా గడప వైపు చూసింది.

జమ్ములమ్మ కత్తిపీటతో దారం కోసి, జొన్నల్లోకి మోచేయి దాకా చెయ్యి దించింది. "మా అమ్మానాయిన కూడా లేబర్ పనికే పోతుండిరి, నన్ను చంకనెత్తుకుని. గుడిసెకు తలుపుండదు, తాళముండదు. కార్డులు పోతే రేషన్ పోయినట్టే. అందుకని మా నాయిన కార్డులన్నీ గింజల సంచిల దాస్తుండె. గుడిసె ఇడిసి ఎటన్న పోతరు గని, తిండిగింజల కాడ ఎవరో ఒకరు కాపలా ఉంటరు. మన లేబరోళ్లందరికీ గదే బ్యాంకు." చెయ్యి బయటికొచ్చింది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన నీలం పాస్‌పోర్టు. దానితోపాటు నాలుగు ఎర్ర పట్టుదారం ముక్కలు. దాచిన మనిషి వాటిని కూడా పారేయకుండా మడిచి పెట్టాడు పాపం.

"నాయినా?" అంది హెప్సిబా. ఒక్క మాటే అంది.

మాసయ్య లేవలేదు. "నువ్వు విమానం కాడికి పోయినంక చూసుకుంటవనుకున్న బిడ్డా. గప్పటికి ఏళ దాటిపోతదనుకున్న. ఆ పిల్ల మీదికి పోతదని అనుకోలే. రెండు రాత్రుల సంది నిద్ర లేదు నాకు."

"ఎందుకు? నేను సముద్రంల పడి సస్తనని భయమా? ఇన్నేండ్ల నుంచి అదే పని చేస్తున్న కద!"

"సముద్రమంటే నాకేం భయం లేదు."

"మరి?"

మాసయ్య ఎవరి ముఖమూ చూడకుండా చెప్పడం మొదలుపెట్టాడు.

"నువ్వు ఆదివారం పొద్దున ఫోన్ల ఆ దీవి ఫోటో చూపిస్తివి. మోచెయ్యి లెక్క వంకరున్న జెట్టీ. దీని కొసకాడ విరిగే అల కోసమే పోతున్న నాయినా అంటివి. ఆ జెట్టీ కట్టింది నేను. దీవి పేరు నాకు గప్పుడు తెల్వదు. పేరు చెప్పకుండనే తోలుకపోయిన్రు. అప్పుడు మనం మంగళూరు దిక్కు సముద్రానికి రాళ్లకట్ట కడుతుంటిమి. నువ్వు చిన్నదానివి, చేపలోళ్ల పిల్లలతోని పలకల మీద ఆడుతుంటివి. కంట్రాక్టరు వచ్చి రాతిపని తెలిసినోళ్లు కావాలె, మూడు నెలల పని అన్నడు. నేను పోయిన. నీ బాలయ్య మామ పోయిండు."

రూతమ్మ చేతిలోని గరిటె కింద పడింది. బాలయ్య ఆమె ఒక్కగానొక్క తమ్ముడు.

"నా తమ్ముడు జ్వరంతోని పోయిండంటివి," అంది.

"అన్న."

"అక్కడ్నే మట్టి ఇచ్చినమంటివి."

"అన్నీ ఆళ్లు చెప్పుమన్నవే చెప్పిన రూతా."  "జెట్టీ స్తంభానికి కాంక్రీటు పోస్తున్నం. పైన కట్టిన చెక్కలు ఇరిగినయి. పిల్లగాడు కిందికి జారిండు. నడుము దాక మునిగిండు, నా దిక్కు చెయ్యి చాపిండు. మిషను ఆపుమని ఒర్రిన. ఆపితే పోసిందంత ఖరాబైతదన్నడు కంట్రాక్టరు. ఆపలే. దుంకబోతే ఇద్దరు నన్ను పట్టుకున్నరు. నా కండ్ల ముందట…"

 రాజ్‌కుమార్ కుర్చీలోంచి ఎప్పుడు లేచాడో, గోడకానుకుని నిలబడి ఉన్నాడు.

"తెల్లారి నన్ను పడవ ఎక్కిచ్చిన్రు. నీ పెండ్లాం, పిల్ల మా షెడ్డుల ఉన్నరు, నోరు తెరిచినవో ఆళ్లు ఉండరు అన్నడు. మిమ్మల్ని తీసుకుని గా రాత్రే ఊరికొచ్చిన. మళ్లెన్నడు సముద్రం దిక్కు చూడలే. ఈ పిల్లేమో పెద్దగయ్యి ఆడికే పోయింది. పనేగద అని ఊకున్న. మొన్న క్యాంపు ఓనర్ ఫోటో కూడా చూపించింది. జుట్టు తెల్లబడ్డది గని, ఆడే. ఆ కంట్రాక్టరే."

హెప్సిబా రెండు చేతులతో ముఖం కప్పుకుంది. నెలల తరబడి ఏ అల కోసం కలవరించిందో ఆ అల కిందే మేనమామ ఉన్నాడు. ఏ పూట పోటు వస్తుందో లెక్క చూసుకుంటూ తనూ సుష్మితా ఎన్ని రాత్రులు నవ్వుకున్నారో ఆమెకు గుర్తొచ్చింది.  లేచి తండ్రి దగ్గరికి పోయి, ఆయన పక్కన గడప మీద ఇరుక్కుని కూర్చుంది.

రూతమ్మ మాత్రం ఏడవలేదు. మొగుడి వైపు తిరిగి అడిగింది: "నా తమ్మునికి ప్రార్థనన్న చేసినవా?"

"చేసిన. పడవ కదిలేదాక ఆ స్తంభం పక్కకు నిలబడి చేసిన. మాటలు గుర్తుకు రాలే. చర్చి ఆదివారం బడిల పిల్లలు చెప్పేది ఉంటది చూడు, అదే చెప్పిన."

 పోలీసు నౌకరీ చేసిన మనిషి గనుక జమ్ములమ్మ ఏడుపు పక్కన పెట్టి, మెదడును పనిలో పెట్టింది. సుష్మిత మాట చెవిలో మోగింది. పాత జెట్టీని ఈ నెలలోనే కూలగొడుతున్నారు.

"స్తంభాలు పగలగొడితే బాలయ్య ఎముకలు బయటికొస్తయి," అంది పైకే. "ఎవరివని అక్కడి పోలీసులు అడుగుతరు. చెప్పగలిగిన మనిషి భూమ్మీద ఒక్కడే ఉన్నడు. కాగితాలల్ల తండ్రి పేరు చూసి కావచ్చు, ఆ ఒక్కని బిడ్డను టికెట్టు పెట్టి మరీ దీవికి పిలిచిన్రు. బిడ్డ ఆళ్ల చేతిల ఉంటే తండ్రి నోరు తెరవడు, ఒకపారి పనిచేసిన ఉపాయమే కద." రాజ్‌కుమార్ వైపు తిరిగింది. "ఇప్పుడు చెప్పు తమ్మీ. శనివారం నీకు ఒప్పజెప్పిన పనేంది?"

రాజ్‌కుమార్ మాటకున్న ఇస్త్రీ పూర్తిగా నలిగిపోయింది. "అక్కా, నాకు ఇదంతా తెల్వదు, మా అమ్మ మీద ఒట్టు. పిల్ల తండ్రి బతికున్నడా, ఇంట్లనే ఉంటడా, అంతే కనుక్కోమన్నరు. క్యాంపుకు వచ్చేటోళ్ల కుటుంబాల గురించి అడుగుతరేమో అనుకున్న. పాస్‌పోర్టు పోయిందని తెలిసి దాని పని కూడా ఒప్పజెప్పిన్రు."

"ఏం చెప్పినవు ఆళ్లకు?"

"ఉన్నడని చెప్పిన. ఇయ్యాల పొద్దున ఆయన ఫోటో, ఇంటి ఫోటో పంపిన."

జమ్ములమ్మ అతన్ని తిట్టడానికి నోరు తెరిచింది. అప్పుడే అతని ఫోన్ మోగింది. తెర మీద క్యాంపు ఓనర్ నంబరు జమ్ములమ్మకు చూపించాడు.

"స్పీకర్ల పెట్టు. పాస్‌పోర్టు దొరకలే అను," అని ఆమె గుసగుసగా చెప్పింది.

"హలో సార్. ఇంకా దొరకలేదు సార్. సాయంత్రానికి…"

"పోనీ, బిడు," అంది అవతలి గొంతు. కూలీలతో మాట్లాడీ మాట్లాడీ అబ్బిన తెలుగు, మధ్యలో కన్నడం. ఆ గొంతు వినగానే మాసయ్య ఆడే అన్నట్టు కూతురికి తలూపాడు. "ఆ పిల్ల రాకపోయినా నడుస్తుంది. టికెట్టు రద్దు చేయిస్తాను. ముసలోడు ఇంట్లోనే ఉన్నాడు అన్నావు కదా, నాకు అది చాలు. మా పిల్లలు నిన్న రాత్రే బయల్దేరారు, ఇప్పటికి వచ్చేసి ఉంటారు. నువ్వు ఆ ఊళ్లో ఉండకు. హైదరాబాద్ వెళ్లిపో. గొత్తాయ్తా, అర్థమైందా?"

ఫోన్ కట్టయింది.

జమ్ములమ్మ అప్పటికే తన ఫోన్‌లో స్టేషన్ నంబరు నొక్కుతోంది. రెండు ముక్కల్లో సంగతి చెప్పింది. జీపు బయటికెళ్లింది, పావుగంటలో వస్తామన్నారు అవతల. వీధి మలుపులో బండి ఆగిన చప్పుడైంది. ఒకదాని వెంట ఒకటి నాలుగు కారు డోర్లు మూసుకున్నాయి.

రాజ్‌కుమార్ పరుగున వెళ్లి ముందు తలుపుకు గడియ పెట్టి, కుర్చీ అడ్డం వేసి, దానికి భుజం ఆనించాడు. ఇస్త్రీ చొక్కా చెమటతో తడిసిపోయింది. "మీరు పోండక్కా, నేనాపుత. నేను జేసిందే ఇది," అన్నాడు గద్వాల మాటతోనే.

మాసయ్య కదల్లేదు. "నన్ను తీసుకపోనియ్యి అక్కా. ఈళ్ల జోలికి రారు. నాకు గా పిల్లగాని చెయ్యి ఇంకా అవుపడుతనే ఉంది. సాలు నాకు."

రూతమ్మ వంటమూల నుంచి లేచింది. మూలనున్న మొగుడి చెప్పులు తెచ్చి ఆయన పాదాల ముందు వేసింది. నిజం విన్నాక ఆయన్ను ముట్టుకోవడం అదే మొదటిసారి, రెక్క పట్టుకుని గుంజి లేపింది.

"నా తమ్ముడు ఎట్ల పోయిండో చూసిన కండ్లు నీయొక్కనియే ఉన్నయి," అంది. "నువ్వు సచ్చినవంటే వాడు రెండోసారి పోతడు. ఏసుకో చెప్పులు. నడువు."

జమ్ములమ్మ వెనక తలుపు గడియ తీసింది. హెప్సిబా తండ్రిని ముందుకు నెట్టింది.

ముందు తలుపు మీద ఎవరో మెత్తగా కొట్టారు.

"మాసన్నా," అని పిలిచారు బయటి నుంచి, ఇంటికొచ్చిన చుట్టం పిలిచినంత ఆప్యాయంగా. "ఉన్నవా అన్నా ఇంట్ల?"